పెద్దమ్మ ఎడమ చెయ్యి

మా పెద్దమ్మ కుడి చేతికి ఎప్పుడూ నిండుగా మట్టి గాజులు ఉండేవి. ఎడమ చెయ్యి బోసిగా ఉండేది. భుజం నుంచి వేళ్ళ దాకా ఉబ్బిపోయి, ఆ చేతికి ఏ సైజు గాజూ ఎక్కేది కాదు. పేరంటాల్లో ఎవరైనా అడిగితే "నీరు పట్టిందమ్మా" అని చెంగు కప్పేసుకునేది. అంతకు మించి ఆవిడ చెప్పేది కాదు, మేమూ అడిగేవాళ్ళం కాదు.

1994లో, నేను ఇంటర్ చదువుతున్నప్పుడు, ఆవిడకి ఆపరేషన్ అయింది. ఎడమ రొమ్ములో శనగగింజంత గడ్డ చేతికి తగిలిందట. అక్క పెళ్ళి దగ్గర పడింది, అయ్యాక చూసుకుందాంలే అనుకుందట. పెళ్ళయింది, పదహార్రోజుల పండగ అయింది, ఆషాఢమూ వెళ్ళింది. ఎనిమిది నెలలకి గడ్డ నిమ్మకాయంత అయ్యి, చంకలో కూడా తగలడం మొదలయ్యాక మా అమ్మతో చెప్పింది. పెదనాన్నకి చెప్పింది కూడా అమ్మే. ఆపరేషన్ కాగితం మీద సంతకం పెదనాన్న పెట్టారు. ఏం తీస్తారో పెద్దమ్మకి ఎవరూ విడమరిచి చెప్పలేదు.

ఈ మాఘమాసంలో పెదనాన్నగారి ట్రంకుపెట్టె సర్దుతుంటే ఆవిడ ఆసుపత్రి ఫైలు దొరికింది. పచ్చబడిన ఒక చీటీ మీద మూడు ఇంగ్లీషు అక్షరాలున్నాయి: సి, ఎం, ఎఫ్. అవేమిటో తెలుసుకుందామని మొదలుపెట్టి, వంటా వార్పూ అయ్యాక రోజూ కాసేపు ఈ జబ్బు చరిత్ర చదువుతూ వచ్చాను. చదివిన కొద్దీ, పెద్దమ్మ చేసిన పని ఆవిడ ఒక్కతే చేసింది కాదని అర్థమైంది.

ఈజిప్టులో దొరికిన ఒక వైద్య గ్రంథానికి దాదాపు 3600 ఏళ్ళు. అందులో రొమ్ములో ఉబికి వచ్చే గడ్డల గురించి రాసి, వీటికి చికిత్స లేదని తేల్చేశారు. ఆ తర్వాత వెయ్యేళ్ళకి పర్షియా రాణి అటోస్సా కథ వస్తుంది. సైరస్ చక్రవర్తి కూతురు, దరియస్ భార్య. హెరొడోటస్ రాసిన చరిత్రలో ఉంది. ఆమె రొమ్ము మీద గడ్డ లేచింది. చిన్నగా ఉన్నన్నాళ్ళూ సిగ్గుపడి ఎవరికీ చూపించలేదు. చితికి, పుండు పాకాక డెమోసిడీస్ అనే గ్రీకు వైద్యుణ్ణి పిలిపించింది. అతను నయం చేశాడట. అది క్యాన్సరో మామూలు గడ్డో ఇప్పుడెవరూ చెప్పలేరు. నేను ఆగిపోయింది మాత్రం ఆ సిగ్గు దగ్గర. అంత సామ్రాజ్యానికి రాణి కూడా మా పెద్దమ్మ లాగే చెంగు కప్పుకుంది!

చెంగు తీసి చెప్పిన మొదటివాళ్ళలో ఫానీ బర్నీ ఒకరు. ఇంగ్లండులో పేరున్న నవలా రచయిత్రి. 1811 సెప్టెంబరు 30న పారిస్‌లో, తన ఇంట్లోనే, ఆమె రొమ్ము తీసేశారు. నెపోలియన్ సైన్యంలో పేరుమోసిన సర్జన్ లారే కత్తి పట్టుకున్నాడు. మత్తుమందు లేదు, తాగడానికి కాస్త ద్రాక్షసారా ఇచ్చారంతే. మొహం మీద కప్పిన పల్చటి గుడ్డలోంచి కత్తి మెరుపు కనిపిస్తూనే ఉందట. భర్త చూసి తట్టుకోలేడని ఆయన్ని ముందే ఇంట్లో లేకుండా చేసింది. ఆ రోజు జరిగిందంతా తర్వాత కొన్ని నెలలు కష్టపడి చెల్లెళ్ళకీ అక్కకీ తెలియాలని ఉత్తరంగా రాసింది. రాసింది మళ్ళీ చదువుకోవడం కూడా తన వల్ల కాలేదంది. అన్నీ తట్టుకుని ఇంకో 28 ఏళ్ళు బతికింది.

ఇక్కడ మనసు చివుక్కుమనే సంగతి ఒకటుంది. అంతకు ఏడేళ్ళ ముందే, 1804లో, జపాన్‌లో హనవోకా సెయిషూ అనే వైద్యుడు మూలికల మత్తుమందు తాగించి ఒక అరవయ్యేళ్ళావిడకి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ చేశాడు. ఆ మందు పరీక్షకి ఆయన భార్య తనను తానే అప్పగించుకుని చూపు పోగొట్టుకుందని చెబుతారు. అప్పట్లో జపాన్ తలుపులు లోకానికి మూసి ఉన్నాయి. ఆ మందు పారిస్ దాకా రాలేదు.

యూరప్, అమెరికాల్లో మత్తుమందు వచ్చాక సర్జన్లకి చెయ్యి తిరిగింది. 1890లలో బాల్టిమోర్‌లో హాల్‌స్టెడ్ అనే సర్జన్, ఈ జబ్బు ఒక్క చోట పుట్టి చుట్టుపక్కలకి పాకుతుంది కాబట్టి మొత్తం తవ్వి తీసేయాలన్నాడు. రొమ్ము, దాని కింది ఛాతీ కండరాలు, చంకలోని గ్రంథులు, అన్నీ. ఆడవాళ్ళు బతికి బయటపడినా భుజం గుంట పడేది, చెయ్యి వాచేది. చంకలోని గ్రంథులు తీసేస్తే చేతిలో ఊరే నీరు వెనక్కి వెళ్ళే దారి తెగిపోతుంది. పెద్దమ్మ చేతికి పట్టిన నీరు అదే అని నాకు ఇన్నేళ్ళకి తెలిసింది.

ఆ పద్ధతి డెబ్భై ఎనభై ఏళ్ళు నడిచింది. అది చాలదన్నట్టు అమెరికాలో ఇంకో ఆచారం ఉండేది. గడ్డ ఉన్నావిడకి మత్తిచ్చి, చిన్న ముక్క తీసి పరీక్షకి పంపేవారు. క్యాన్సరని తేలితే ఆ మత్తులోనే రొమ్ము తీసేసేవారు. మెలకువ వచ్చి తడుముకుంటే గానీ ఉందో లేదో తెలియదు. 1974లో రోజ్ కుష్నర్ అనే పాత్రికేయురాలు దీనికి ఒప్పుకోనంది. ముందు పరీక్ష చెయ్యండి, ఫలితం నాకు చెప్పండి, ఆ తర్వాత ఏం చేయాలో మాట్లాడుకుందాం అంది. ఎందరో సర్జన్లు కుదరదన్నారు. ఆమె వదల్లేదు, పుస్తకం రాసింది, సభల్లో నిలబడి అడిగింది. 1979లో అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థ వేసిన నిపుణుల కమిటీలో ఆమెనూ కూర్చోబెట్టారు. పరీక్ష వేరు, ఆపరేషన్ వేరుగా జరగాలని ఆ కమిటీ చెప్పింది.

అదే 1974 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడి భార్య బెటీ ఫోర్డ్‌కి రొమ్ము తీసేశారు. భర్త పదవిలోకి వచ్చి రెండు నెలలు కూడా కాలేదు. దాచుకోకుండా లోకానికి చెప్పింది. అది విని వేలమంది ఆడవాళ్ళు పరీక్షలకి వెళ్ళారు. కొన్ని వారాలకే హ్యాపీ రాక్‌ఫెల్లర్ అనే మరో పెద్దింటావిడకి కూడా గడ్డ బయటపడింది.

ఇంతలో బెర్నార్డ్ ఫిషర్ అనే సర్జన్ అంత కొయ్యడం అవసరమా అని పరీక్షలు పెట్టాడు. వందలమంది ఆడవాళ్ళు ధైర్యంగా ఆ పరీక్షల్లో చేరారు. చిన్న గడ్డ అయితే దాన్ని మాత్రం తీసి రేడియేషన్ ఇచ్చినా, రొమ్మంతా తీసినా, ప్రాణం నిలబడటంలో తేడా లేదని 1985లో తేలింది. ఇరవయ్యేళ్ళు గమనించి చూసినా అదే మాట. ఇప్పుడైతే చంకలో కూడా ముందు ఒకటి రెండు గ్రంథులు తీసి చూసి, జబ్బు లేకపోతే మిగిలినవాటి జోలికి పోకుండా వదిలేస్తున్నారు.

ఇక ఆ మూడక్షరాలు. అవి ఆపరేషన్ తర్వాత ఇచ్చే మూడు మందులు. జబ్బు చంకదాకా పాకినవాళ్ళకి ఈ మూడూ కలిపి ఇస్తే మళ్ళీ తిరగబెట్టడం తగ్గుతోందని 1976లో ఇటలీలోని మిలాన్ డాక్టర్ బొనడొన్నా చూపించాడు. మధ్యలో ఉన్న 'ఎం' అంటే మెథోట్రెక్సేట్. అది అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం చేతుల్లోంచి వచ్చిన మందు. ఆయన పుట్టింది భీమవరంలో, 1895లో. మా పెద్దమ్మ ఊరు ఉండి పక్కనే. భీమవరంలో పుట్టిన ఆయన మందు ప్రపంచమంతా తిరిగి, పక్క ఊరి ఆవిడ నరంలోకి వచ్చింది. ఆవిడకి ఆ మాట చెప్పినవాళ్ళు లేరు. చెబితే ఎంత సంబరపడేదో!

ఆ మందులు ఆవిడకి తొమ్మిదేళ్ళు ఇచ్చాయి. అక్క పిల్లలిద్దరికీ పెద్దమ్మే ఒక చేత్తో నలుగు పెట్టింది. 2003లో జబ్బు ఎముకల్లో తిరగబెట్టింది.

ఎవరికి వస్తుందన్న ప్రశ్న కూడా ఆడవాళ్ళని అడిగాకే తేలింది. 1926లో ఇంగ్లండులో జానెట్ లేన్ క్లేపన్ అనే డాక్టరమ్మ జబ్బున్న 500 మందినీ, లేని 500 మందినీ అవే ప్రశ్నలు అడిగించింది. ఎన్నో ఏట మొదటి కాన్పు, ఎంతమంది పిల్లలు, పాలిచ్చారా అని. ఇప్పటికీ డాక్టర్లు అవే అడుగుతారు. 1990లో మేరీ క్లేర్ కింగ్ కొన్ని కుటుంబాల్లో ఇది జన్యువుతో దిగుతుందని చూపించింది. అలా వచ్చేవి నూటికి ఐదు నుంచి పది. అంటే మా ఇంట్లో ఎవరికీ లేదులే అని ధీమాగా ఉండటానికి లేదు. అమ్మకో, అక్కచెల్లెళ్ళకో ఉంటే మాత్రం డాక్టరుకి ముందే చెప్పాలి.

ముంబైలో టాటా ఆసుపత్రి వాళ్ళు 1998 నుంచి దాదాపు లక్షన్నర మంది ఆడవాళ్ళతో ఒక పరీక్ష నడిపారు. సగం మందికి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేత్తో పరీక్ష చేశారు. మెషీన్ లేదు. ఇరవయ్యేళ్ళకి, 2021లో ఫలితం చెప్పారు. పరీక్ష చేసినవాళ్ళలో జబ్బు తొందరగా బయటపడింది. యాభై దాటినవాళ్ళలో చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. యాభై లోపువాళ్ళలో ఆ మేలు కనిపించలేదు. మన దేశంలో ముప్ఫై నుంచి అరవై అయిదేళ్ళవాళ్ళకి అయిదేళ్ళకోసారి ఈ చేతి పరీక్ష చేయాలని 2016లో ప్రభుత్వం మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. నలభై దాటాక మామోగ్రామ్ ఎప్పుడు, ఎన్నాళ్ళకోసారి అన్నది డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవచ్చు. గడ్డ తగిలినా, చర్మం సొట్ట పడినా, మొన లోపలికి లాగినా, రక్తం కారినా వెంటనే చూపించుకోవాలి. చాలా గడ్డలు క్యాన్సర్ కావు. కానీ ఏది అవునో ఏది కాదో మనంతట మనం తేల్చుకోలేం.

ఇంత చదివిన నేనేం చేశానో కూడా చెప్పాలి. శ్రావణమాసంలో స్నానం చేస్తుంటే కుడివైపు గోళీకాయంత గడ్డ తగిలింది. వరలక్ష్మీ వ్రతం వెళ్ళాక చూద్దాం అనుకున్నాను. అచ్చంగా పెద్దమ్మ మాటే! మూడు వారాలు మావారికి కూడా చెప్పలేదు. చివరికి వెళ్ళాను. మామోగ్రామ్, స్కానింగ్, సూది పరీక్ష, అన్నీ అయ్యాయి. మామూలు గడ్డే అన్నారు.

ఇంటికొచ్చి అక్కకి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. అక్కకి యాభై దాటాయి. నువ్వు ఎప్పుడైనా పరీక్ష చేయించుకున్నావా అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "నా పెళ్ళి కోసమే అమ్మ ఆగిందే. ఆ గుమ్మంలోకి వెళ్ళాలంటేనే నాకు కాళ్ళాడవు" అంది.

వచ్చే బుధవారానికి తనకీ అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. నేనూ వెళ్తున్నాను. ఫైలు కూడా పట్టుకెళ్తున్నాం.