తిరిగే యంత్రాల కంపన నిర్ధారణ

టర్బైన్, పంపు, ఫ్యాన్, కంప్రెసర్, మోటారు, గేర్‌బాక్స్ వంటి తిరిగే యంత్రాల్లో తలెత్తే లోపాలను, యంత్రాన్ని ఆపి విప్పకుండానే, దాని అదురును కొలిచి పసిగట్టే విద్య కంపన నిర్ధారణ. కర్మాగారాల్లో దీన్ని వైబ్రేషన్ అనాలిసిస్ అనే అంటారు. నూనెలో తేలే లోహపు రేణువులు, బేరింగుల వేడి, మోటారు కరెంటు వంటి కొలతలను కూడా కలుపుకుని యంత్రం స్థితిని ఎప్పటికప్పుడు గమనించే పద్ధతి కండిషన్ మానిటరింగ్. యంత్రం ఎంత అదురుతోంది అన్న ప్రశ్న పక్కన, ఏ పౌనఃపున్యంలో అదురుతోంది అన్న ప్రశ్న వచ్చి చేరిన నాటి నుంచే ఈ విద్య నిలదొక్కుకుంది. మొదటి ప్రశ్న ప్రమాదం ఉందో లేదో చెబుతుంది. లోపం పేరు చెప్పేది రెండోదే.

పరికరాలు రాకముందు

ఫిట్టర్లు స్క్రూడ్రైవర్ మొనను బేరింగ్ హౌసింగ్‌కు ఆనించి, పిడికి చెవి ఒగ్గి వినేవారు. అరచెయ్యి వేసి అదురు చూసేవారు. పంప్‌హౌస్‌లలో ఈ అలవాటు నేటికీ ఉంది, ఉండడం మంచిదే కూడా. పెచ్చులూడుతున్న బేరింగ్ గరగరను అనుభవమున్న చెవి బాగానే పట్టుకుంటుంది. కానీ నిమిషానికి 1,500 చుట్లు తిరిగే రోటర్ బ్యాలెన్స్ తప్పితే పుట్టేది 25 హెర్ట్జ్ కదలిక. అది మనిషి వినికిడికి దాదాపు చివరి అంచున ఉంటుంది. పైగా పోయిన నెల విన్నదాన్ని ఈ నెల విన్నదానితో సరిపోల్చుకోవడానికి రాతలో ఏమీ మిగలదు.

క్రిటికల్ వేగం

ఈ రంగంలో మొదటి పెద్ద సిద్ధాంతం పొరపాటుతో మొదలైంది. 1869లో స్కాట్లండ్‌కు చెందిన ఇంజనీరు విలియం రాంకిన్ తిరిగే షాఫ్టుల మీద ఒక వ్యాసం రాశాడు. ప్రతి షాఫ్టుకూ ఒక హద్దు వేగం ఉంటుందని, దాన్ని దాటి నడపడం అసాధ్యమని అందులో తేల్చాడు. హద్దు ఉందన్నది నిజం. దాటలేమన్నది తప్పు. తిరుగుతున్న చట్రంలో పనిచేసే కోరియాలిస్ బలాన్ని ఆయన లెక్కలోకి తీసుకోలేదు. రాంకిన్‌కు ఉన్న పేరు వల్ల ఆ నిర్ణయం చాలాకాలం డిజైనర్ల చేతులు కట్టేసింది.

1880లలో స్వీడన్‌లో గుస్తాఫ్ డి లావల్ తన ఆవిరి టర్బైన్‌ను సన్నని, వంగే షాఫ్టు మీద నిలిపి, హద్దు వేగాన్ని దాటించి నిమిషానికి 30,000 చుట్ల దాకా నడిపి చూపించాడు. 1894లో ఇంగ్లండ్‌లో స్టాన్లీ డంకర్లీ షాఫ్టుల హద్దు వేగాలను, అంటే క్రిటికల్ వేగాలను, లెక్కగట్టే సూత్రం ఇచ్చాడు. మరుసటి ఏడాదే జర్మనీలో ఆగస్ట్ ఫోపుల్ డి లావల్ యంత్రం ఎందుకు నిలిచిందో గణితంతో వివరించాడు. క్రిటికల్ వేగం దాటాక రోటర్ తన ద్రవ్యరాశి కేంద్రం చుట్టూ తిరగసాగుతుంది, దాంతో అదురు తగ్గుతుంది. ఫోపుల్ వ్యాసం ఇంగ్లిషు ప్రపంచానికి పెద్దగా చేరలేదు. 1919లో హెచ్. హెచ్. జెఫ్‌కాట్ అదే విషయాన్ని స్పష్టంగా రాసిన తర్వాతే సందేహాలు తీరాయి. ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఒక డిస్కు, ఒక వంగే షాఫ్టు ఉన్న నమూనాను జెఫ్‌కాట్ రోటర్ అనే అంటారు. ఈనాటి పెద్ద టర్బో జనరేటర్లన్నీ క్రిటికల్ వేగాలకు పైనే నడుస్తాయి. స్టార్ట్ చేసేటప్పుడు ఆ వేగాల దగ్గర ఆగకుండా త్వరగా దాటించడం ఆపరేటర్లకు నేర్పే తొలి పాఠాల్లో ఒకటి.

బ్యాలెన్సింగ్‌కు లొంగని అదురు

1920ల మొదట్లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ తయారుచేసిన బ్లాస్ట్ ఫర్నేస్ కంప్రెసర్లు కొన్ని క్రిటికల్ వేగం పైన నడుస్తూ విపరీతంగా అదిరి దెబ్బతిన్నాయి. అప్పటిదాకా అదురంటే బ్యాలెన్స్ లోపమనే అనుకునేవారు. ఎంత జాగ్రత్తగా బ్యాలెన్స్ చేసినా ఇవి మాత్రం దారికి రాలేదు. ఆ సంస్థ పరిశోధనశాలలో బి. ఎల్. న్యూకిర్క్ దీన్ని పరిశీలించి ఒక విచిత్రం గమనించాడు. షాఫ్టు వేగం పెంచినా అదురు పౌనఃపున్యం దానితోపాటు పెరగడం లేదు, మొదటి క్రిటికల్ వేగం దగ్గరే నిలిచిపోతోంది. అంటే అదురుకు మూలం బ్యాలెన్స్ లోపం కాదు. రోటర్ మీద బిగించిన భాగాలు ఒకదానిపై ఒకటి జరిగే చోట పుట్టే లోపలి ఘర్షణే దాన్ని పోషిస్తోందని ఆయన సహచరుడు ఎ. ఎల్. కింబల్ సూచించాడు. 1924లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. 1925లో న్యూకిర్క్, హెచ్. డి. టేలర్ కలిసి బేరింగ్‌లోని నూనె పొర కూడా షాఫ్టును ఇలాగే తిప్పి కొట్టగలదని చూపించారు. దీన్నే ఆయిల్ విప్ అంటారు. అది ముదరక ముందు దశ అయిన ఆయిల్ వర్ల్, షాఫ్టు వేగంలో సగానికి కాస్త తక్కువ పౌనఃపున్యంలో కనిపిస్తుంది.

కంపన నిర్ధారణకు నిజమైన పునాది ఇక్కడే పడిందని చెప్పాలి. చేతికి ఒకేలా తగిలే రెండు అదురుల వెనుక రెండు వేర్వేరు కారణాలు ఉండవచ్చని, వాటిని విడదీసేది పౌనఃపున్యమని ఈ ప్రయోగాలు రుజువు చేశాయి.

ఎంత అదిరితే ప్రమాదం

ఎంత అదురుతోంది అన్న మొదటి ప్రశ్నకు జవాబు బీమా రంగం నుంచి వచ్చింది. అమెరికాలో యంత్రాలకు బీమా చేసే సంస్థలో ఇంజనీరుగా ఉన్న టి. సి. రాత్‌బోన్, క్షేత్రస్థాయి అనుభవాన్ని పోగుచేసి 1939లో ఒక పటం ప్రచురించాడు. ఏ వేగంలో ఎంత కదలికను సహించవచ్చో, ఎక్కడ సరిదిద్దాలో, ఎక్కడ ఆపేయాలో అది చూపేది. వేగం పెరిగేకొద్దీ అనుమతించే కదలిక తగ్గుతుందన్నది అందులోని కీలకం. 50 మైక్రాన్ల అటూఇటూ కదలిక నిమిషానికి 600 చుట్ల ఫ్యాన్‌లో ఉంటే దాని గరిష్ఠ కంపన వేగం సెకనుకు 1.6 మిల్లీమీటర్లే. అదే 3,000 చుట్ల టర్బైన్‌లో ఉంటే దాదాపు 7.9 మిల్లీమీటర్లు అవుతుంది. అందుకే తర్వాతి ప్రమాణాలు కంపన వేగాన్ని కొలబద్దగా తీసుకున్నాయి. జర్మనీ ప్రమాణం వీడీఐ 2056 బాటలో 1974లో అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 2372 వచ్చింది. ఆ తర్వాత 1990లలో 10816, ఇటీవల 20816 శ్రేణులు వచ్చాయి.

హౌసింగ్ మీద కొలిస్తే షాఫ్టు కదలిక పూర్తిగా తెలియదు. మందపాటి కేసింగు, నూనె పొర దాన్ని దాచేస్తాయి. దీనికి పరిష్కారంగా అమెరికా ఇంజనీరు డాన్ బెంట్లీ ఎడ్డీ కరెంట్ సూత్రంతో పనిచేసే ప్రాక్సిమిటీ ప్రోబ్‌ను వాడకంలోకి తెచ్చాడు. 1961లో నెవాడా రాష్ట్రంలోని మిండెన్‌లో సంస్థ పెట్టి, షాఫ్టును తాకకుండా నేరుగా దాని కదలికను కొలిచే పనిని పరిశ్రమకు అలవాటు చేశాడు. ఒకదానికొకటి లంబంగా రెండు ప్రోబులు పెడితే బేరింగ్ లోపల షాఫ్టు గీసే కక్ష్య తెర మీద కనిపిస్తుంది. 1976లో అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ తెచ్చిన ఏపీఐ 670 ప్రమాణంతో రిఫైనరీల కీలక యంత్రాలకు ఈ ప్రోబులు మామూలైపోయాయి.

లోపాల గుర్తులు

అనుభవం పెరిగేకొద్దీ ఏ లోపం ఏ పౌనఃపున్యంలో బయటపడుతుందో పట్టికలు తయారయ్యాయి. 1968లో జాన్ సోర్ రూపొందించిన పట్టికలు వాటిలో బాగా పేరుపొందాయి. బ్యాలెన్స్ తప్పితే అదురు షాఫ్టు వేగంతో సమానమైన పౌనఃపున్యంలో వస్తుంది. కప్లింగ్ దగ్గర అలైన్‌మెంట్ చెడితే తరచుగా దానికి రెట్టింపులో కనిపిస్తుంది. 50 హెర్ట్జ్ కరెంటుతో నడిచే మోటారులో స్టేటర్ లోపాలు 100 హెర్ట్జ్ దగ్గర బయటపడతాయి. ఈ సూత్రాలను గుడ్డిగా వాడకూడదు. వంగిన షాఫ్టు, పగులు పడ్డ షాఫ్టు, వదులైన ఫౌండేషన్ బోల్టు కూడా అవే పౌనఃపున్యాల్లో కనిపించవచ్చు. దిశ, ఫేజ్, లోడుతో వచ్చే మార్పు చూశాకే నిర్ణయానికి రావాలి.

బాల్ బేరింగుల లెక్క అందమైనది. తొమ్మిది బాల్స్ ఉన్న బేరింగ్ సెకనుకు 25 చుట్లు తిరుగుతుంటే, బయటి రేస్ మీద ఉన్న దెబ్బ సుమారు 90 హెర్ట్జ్‌లోనూ, లోపలి రేస్ మీద ఉన్నది సుమారు 135 హెర్ట్జ్‌లోనూ తగులుతుంది. ఈ రెంటి మొత్తం ఎప్పుడూ బాల్స్ సంఖ్యను వేగంతో గుణించినంతే. అయితే తొలిదశలో ఈ తాకిడి చాలా బలహీనంగా ఉండి, మిగతా అదురులో మునిగిపోతుంది. 1960ల చివర స్వీడన్‌లో వచ్చిన షాక్ పల్స్ పద్ధతి, 1970లలో వచ్చిన ఎన్వలప్ విశ్లేషణ ఆ తాకిడి మోగించే ఎత్తైన పౌనఃపున్యాలను పట్టుకుని, దాని లయను వేరుచేసి చూపించాయి.

ఎఫ్‌ఎఫ్‌టీ

అదురులోని పౌనఃపున్యాలను విడదీయడానికి మొదట్లో ఫిల్టర్‌ను చేత్తో తిప్పుతూ ఒక్కో విలువా రాసుకునేవారు. 1965లో జేమ్స్ కూలీ, జాన్ టుకీ ప్రచురించిన ఫాస్ట్ ఫూరియే ట్రాన్స్‌ఫార్మ్ (ఎఫ్‌ఎఫ్‌టీ) ఈ శ్రమను తుడిచేసింది. 1,024 నమూనాలకు నేరుగా చేస్తే పది లక్షలకు పైగా గుణకారాలు కావాలి. ఈ పద్ధతిలో పదివేల స్థాయిలో సరిపోతాయి. 1980ల తొలినాళ్లకల్లా చేత పట్టుకు తిరిగే డేటా కలెక్టర్లు వచ్చాయి.

ఎప్పుడు విప్పాలి

గడువు ప్రకారం యంత్రాన్ని విప్పి సరిచేస్తే మేలన్న నమ్మకాన్ని యుద్ధకాలం కదిలించింది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ కోస్టల్ కమాండ్ విమానాల మరమ్మతు లెక్కలు చూసిన సి. హెచ్. వాడింగ్టన్, వృత్తిరీత్యా జీవశాస్త్రవేత్త. గడువు తనిఖీ అయిన వెంటనే చెడిపోవడాలు ఎక్కువవుతున్నాయని ఆయన గమనించాడు. తనిఖీ పేరుతో బాగున్నదాన్ని కదిపి చెడగొడుతున్నారన్నమాట. 1978లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌కు చెందిన నౌలాన్, హీప్ రాసిన నివేదిక ఇంకా ముందుకెళ్లింది. తాము చూసిన విమాన భాగాల్లో 89 శాతానికి వయసు హద్దు పెట్టడం వల్ల ప్రయోజనం లేదని తేల్చింది. గడువును నమ్మలేనప్పుడు యంత్రం స్థితినే చూడాలి. కండిషన్ మానిటరింగ్‌కు ఆర్థికంగా బలమైన వాదన ఇక్కడే దొరికింది.

రెండు ప్రమాదాలు

1993 మార్చి 31న ఉత్తరప్రదేశ్‌లోని నరోరా అణువిద్యుత్ కేంద్రంలో ఒకటో యూనిట్ లో ప్రెషర్ టర్బైన్ చివరి దశలో రెండు బ్లేడ్లు విరిగాయి. ఒక్కసారిగా బ్యాలెన్స్ తప్పి వచ్చిన తీవ్రమైన అదురుకు జనరేటర్ హైడ్రోజన్ సీళ్లు దెబ్బతిన్నాయి. హైడ్రోజన్ మండింది, నూనె అంటుకుంది, ఆ యూనిట్ మొత్తం గంటల తరబడి కరెంటు లేకుండా పోయింది. రేడియోధార్మికత బయటికి రాలేదు.

రష్యాలోని సయానో-షుషెన్‌స్కాయా జలవిద్యుత్ కేంద్రం కథ వేరు. అక్కడ హెచ్చరిక నెలల ముందే వచ్చింది. రెండో యూనిట్ అదురు 2009 ఏప్రిల్ నుంచి పెరుగుతూ సుమారు నాలుగు రెట్లైంది. ఆగస్టు 17 ఉదయం అనుమతించిన 160 మైక్రాన్ల హద్దును ఎప్పుడో దాటి 840కి చేరింది. టర్బైన్ మూతను పట్టి ఉంచిన స్టడ్లు లోహపు అలసటతో తెగాయి, నీరు విరుచుకుపడింది, 75 మంది చనిపోయారు. విచారణలో పరీక్షించిన 49 స్టడ్లలో 41కి అలసట పగుళ్లు కనిపించాయి. సంఖ్య కళ్లెదుట ఉన్నా యంత్రాన్ని ఆపే నిర్ణయం రాలేదు. ఈ రంగంలో పనిచేసే ప్రతి ఒక్కరూ చదవవలసిన నివేదిక అది.

భారతదేశంలో

ఈ శాస్త్రాన్ని దేశంలో పాఠ్యాంశంగా నిలబెట్టినవారిలో ఐఐటీ ఖరగ్‌పూర్, ఢిల్లీలలో బోధించిన జె. ఎస్. రావు ముఖ్యులు. రోటర్ డైనమిక్స్ మీద, కంపన ఆధారిత స్థితి పర్యవేక్షణ మీద పుస్తకాలు రాయడమే కాక, 2011లో తిరిగే యంత్రాల డైనమిక్స్ చరిత్రను సమగ్రంగా గ్రంథస్థం చేశారు. హైదరాబాద్ శివారు రామచంద్రాపురంలోని బీహెచ్‌ఈఎల్ కర్మాగారం టర్బైన్లు, కంప్రెసర్లు తయారుచేస్తుంది. రామగుండం, సింహాద్రి వంటి థర్మల్ కేంద్రాల్లో టర్బో జనరేటర్లు నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతూ నిత్యం ఈ పర్యవేక్షణలోనే ఉంటాయి.

ప్రస్తుత స్థితి

వైర్‌లెస్ సెన్సర్లు చవకయ్యాయి, లోపాలను కంప్యూటరే గుర్తించేలా మెషిన్ లెర్నింగ్ వాడుతున్నారు. ఈ పరిశోధనల్లో చాలా భాగం అమెరికాలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయం విడుదల చేసిన బేరింగ్ డేటా మీద ఆధారపడింది. అందులోని లోపాలు ప్రయోగశాలలో విద్యుత్ నిప్పురవ్వలతో చెక్కిన శుభ్రమైన గుంటలు. సిమెంటు దుమ్ములో, నీరు కలిసిన గ్రీజులో అరిగిన బేరింగ్ అలా ఉండదు. అందువల్ల అక్కడ సాధించిన మార్కులను క్షేత్రానికి ఉన్నదున్నట్టు వర్తింపజేయలేం. విశ్లేషకుల అర్హతను ఐఎస్‌ఓ 18436-2 ప్రమాణం నాలుగు స్థాయిలుగా నిర్ణయిస్తోంది. మొదటి స్థాయివారు నిర్దేశించిన చోట్ల కొలతలు తీస్తారు. నాలుగో స్థాయికి చేరాలంటే షాఫ్టు కక్ష్యలు, నూనె పొర అస్థిరత, స్టార్టప్ సమయపు మార్పులు చదివి పరిష్కారం కూడా చెప్పగలగాలి.