యుద్ధం అయిపోయాక కోట

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ విమానాలను కూల్చడానికి ఇంగ్లండు వాళ్లు 1942-43లో థేమ్స్ నది సముద్రంలో కలిసేచోట, నీళ్ల మధ్యనే కోటలు కట్టారు. యుద్ధం అయ్యాక వాటిని వదిలేశారు. కొన్ని ఇప్పటికీ తుప్పుపట్టి నిలబడి ఉన్నాయి. వాటి గురించి తెలిసినప్పుడు నాకు మన బీదర్ కోటే గుర్తొచ్చింది.

15వ శతాబ్దంలో బహమనీ సుల్తాన్ అహ్మద్ షా గుల్బర్గా నుంచి రాజధానిని ఇక్కడికి మార్చాడు. మనకు సముద్రం లేదు కదా, కోట పక్కన రాతినే తొలిచి మూడు వరుసల కందకం చేశారు. 1657లో ఔరంగజేబు ముట్టడిస్తే కోట 27 రోజులు నిలిచింది. లోపలి మందుగుండు పేలి, కోటను కాపాడుతున్న సిద్ది మర్జాన్ తీవ్రంగా గాయపడ్డాకే మొగలుల చేతికి చిక్కింది.

ఇప్పుడు అక్కడ సైన్యం లేదు. అయినా కోట మన ఊరికి అన్నం పెడుతూనే ఉంది. బిద్రీ పనివాళ్లు జింకు, రాగి కలిపి పోత పోసిన వస్తువు మీద వెండి పొదుగుతారు. తర్వాత కోట మట్టిలో నవాసాగరం కలిపి రుద్దితే లోహం నల్లబడుతుంది, వెండి తెల్లగానే మెరుస్తుంది. దానికి ఎండా వానా తగలని పాత మట్టే కావాలి. అలాంటి మట్టి కొత్తగా పుట్టదు.

అందుకే మిత్రులారా, కోట చూడ్డానికి వెళ్లినప్పుడు గోడలు గీకొద్దు, చెత్త పారెయ్యొద్దు. ఆ మట్టి మీద మన ఊళ్లో ఎన్నో ఇళ్లు బతుకుతున్నాయి.