గత సర్వీసు లెక్కకు రాదు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర రాయమని కార్యవర్గం వారు కోరారు. ఆత్మకూరు అంటే సంస్థానం చరిత్ర ఉంది, అమరచింత నేత ఉంది, జూరాల ప్రాజెక్టు ఉంది. వాటి గురించి రాయగలవారు మన సభ్యుల్లోనే చాలామంది ఉన్నారు. అందుకని నేను ఎవరూ ముట్టని ఒక చిన్న విషయం ఎత్తుకొంటున్నాను. నలభై ఐదు, యాభై ఏళ్లు వచ్చి, బొజ్జ పెరిగి, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే మనిషి కొత్తగా పరుగు మొదలుపెట్టే అలవాటు లోకంలో ఎప్పుడు పుట్టింది, ఎందుకు పుట్టింది, మన దాకా ఎట్లా వచ్చింది అన్నదే ఆ విషయం. ఈ చరిత్రలో మన గుమస్తాలకు కూడా ఒక చోటు ఉన్నదని ముందుగానే మనవి చేస్తున్నాను.

పూర్వం పరుగు ఆరోగ్యం కోసం కాదు, అదొక కొలువు. 14వ శతాబ్దంలో ఢిల్లీ సుల్తానుల కాలంలో మన దేశానికి వచ్చిన ఇబన్ బతూతా ఇక్కడి టపా పద్ధతి చూసి ఆశ్చర్యపోయి రాసుకొన్నాడు. మైలుకు మూడు చోట్ల మనుషులు సిద్ధంగా ఉండేవారట. ఒకడు ఒక చేత ఉత్తరం, మరొక చేత గజ్జెలు కట్టిన కర్ర పట్టుకొని పరుగెత్తుకొస్తే, ఆ చప్పుడు విని రెండోవాడు నడుం బిగించి నిలబడేవాడట. గుర్రాల టపా కన్నా ఈ కాళ్ల టపాయే త్వరగా చేరేదని కూడా ఆయన రాశాడు. మన నిజాం ప్రభుత్వానికి సొంత టపా శాఖ ఉండేది. 1869లో సొంత స్టాంపులు వేసుకొన్నారు. 1950 ఏప్రిల్ 1న అది భారత తపాలా శాఖలో కలిసిపోయింది. రైలు, మోటారు లేని ఊళ్లకు మన దేశమంతటా ఎంతోకాలం సంచి మోసినవాడు హర్కారాయే.

కాని ఆ హర్కారాకు దక్కిన గౌరవం ఎంత? పరుగెత్తేవాడు చిన్న నౌకరు, కూర్చునేవాడు పెద్ద నౌకరు. ఇది మన దఫ్తర్లన్నింటిలో రాయని రూలు. చప్రాసి నడుస్తాడు, గుమస్తా కూర్చుంటాడు, తహసీల్దారు దగ్గరికి అందరూ నడిచి వస్తారు. ప్రమోషన్ వచ్చిన కొద్దీ కాళ్లకు పని తగ్గుతూ వచ్చేది. పిల్లవాడికి నౌకరీ దొరికిందంటే "ఇక కూర్చుని తింటాడు" అని తల్లిదండ్రులు మురిసిపోయేవారు. కూర్చుని తింటే కొండలు కరుగుతాయన్నారు పెద్దలు. కొండల సంగతేమో గాని, పొట్ట మాత్రం కరగలేదు.

ఈ కుర్చీ మీద మొదటి గట్టి ఫిర్యాదు లండన్ నుంచి వచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడ గుండెపోటు మరణాలు పెరిగిపోతుంటే, జెరెమీ మోరిస్ అనే వైద్యుడు కారణం వెతకసాగాడు. లండన్ రవాణా సంస్థలో పనిచేసే సుమారు 31 వేల మంది ఉద్యోగుల రికార్డులు పరిశీలించాడు. అవి డబుల్ డెక్కర్ బస్సులు, మన హైదరాబాదులో ఒకప్పుడు ఆర్టీసీ నడిపిన వాటివంటివే. డ్రైవరు డ్యూటీ అంతా కూర్చుని ఉంటాడు. కండక్టరు టికెట్లు కొట్టడానికి రోజూ కొన్ని వందల మెట్లు ఎక్కి దిగుతాడు. ఇద్దరిదీ ఒకే బస్సు, ఇంచుమించు ఒకే వర్గం. అయినా కండక్టర్లలో గుండెజబ్బు తక్కువ. వచ్చినా ఆలస్యంగా వచ్చేది, ప్రాణం తీసేది తక్కువ.

ఒక్క బస్సులు చూసి తీర్పు చెప్పరాదని మోరిస్ తపాలా శాఖను కూడా చూశాడు. మన కథ ఇక్కడే వస్తుంది. ఒకవైపు నడిచి, సైకిల్ తొక్కి ఉత్తరాలు పంచే పోస్ట్‌మన్లు, మరోవైపు కూర్చుని పనిచేసే టెలిఫోన్ ఆపరేటర్లు, గుమస్తాలు. ఫలితం అదే! ఉత్తరం మోసినవాడి గుండె గట్టిది, ఉత్తరం లెక్క రాసినవాడి గుండె బలహీనం. ఈ సంగతి 1953లో 'లాన్సెట్' పత్రికలో అచ్చయింది. 1956లో మరో వ్యాసంలో యూనిఫాం కొలతలు తీసి చూపించాడు. డ్రైవర్ల ప్యాంట్ల నడుం కొలత కండక్టర్ల కన్నా ఎక్కువగా ఉన్నది! సర్కారీ రికార్డులోంచి ఇంత నిజం తీయవచ్చునని మనకెవరికీ తోచలేదు. మోరిస్ ఊరికే చెప్పి ఊరుకోలేదు, తానూ వ్యాయామం పట్టాడు. 1910లో పుట్టి 2009 దాకా, తొంభై తొమ్మిదేళ్లు బతికాడు.

రోగానికి కారణం లండన్‌లో తేలితే, మందు న్యూజిలాండ్‌లో తయారైంది. ఆక్లండ్‌లో ఆర్థర్ లిడియార్డ్ అనే ఆయన చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. పరుగులో శిక్షకుడిగా పేరు తెచ్చుకొన్నాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆయన శిష్యులు పీటర్ స్నెల్, మరే హాల్బర్గ్ బంగారు పతకాలు గెలిచారు. ఆ తర్వాత ఆయన దృష్టి ఒళ్లు పెరిగిన నడివయసు వ్యాపారుల మీద, గుండెజబ్బు చేసి లేచినవారి మీద పడింది. వారిని గుంపుగా కూర్చి, పోటీ లేకుండా, పక్కవాడితో మాట్లాడగలిగినంత నెమ్మదిగా పరుగెత్తించాడు. 1962 చివర్లో అమెరికా నుంచి బిల్ బవర్‌మన్ అక్కడికి వెళ్లాడు. ఈయనా పేరున్న పరుగు శిక్షకుడే, కాని అప్పటికి యాభై దాటి ఒళ్లు చేశాడు. ఆ గుంపుతో కలిస్తే, డెబ్బై దాటిన ఒక పెద్దమనిషి, అదీ గుండెజబ్బు చేసినవాడు, ఈయనను వెనక వేసి పోయాడట. ఆటగాళ్లకు పాఠం చెప్పేవాడికి ముసలాయన పాఠం చెప్పాడు.

బవర్‌మన్ స్వదేశం చేరి 1963లో తన ఊళ్లో ఈ పని మొదలుపెట్టాడు. వారం వారం జనం పెరిగి వేలకు చేరారు. ఎవరైనా ప్రాణం మీదికి తెచ్చుకొంటారేమోనని భయపడి అందరినీ ఇంటికి పంపి, హారిస్ అనే గుండె వైద్యుడితో కలిసి ఒక క్రమం తయారుచేశాడు. కొంచెం పరుగు, కొంచెం నడక, ఒకరోజు పని, మరునాడు విశ్రాంతి. ఆ క్రమమే 1967లో 'జాగింగ్' అనే పుస్తకంగా వచ్చింది. ఆ మాట మన తెలుగులోకి కూడా అట్లాగే దిగిపోయింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. 1967లోనే అమెరికాలో రాల్ఫ్ పాఫెన్‌బార్గర్ అనే వైద్య పరిశోధకుడు తన 45వ ఏట పరుగు మొదలుపెట్టాడు. తర్వాత నూటికి పైగా మారథాన్లు పూర్తిచేశాడు. మారథాన్ అంటే 42 కిలోమీటర్ల పైచిలుకు. ఆయన హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చదివి వెళ్లిన సుమారు 17 వేల మంది పురుషుల వివరాలు సేకరించి 1978లో ప్రకటించాడు. కదలిక గలవారికి గుండెపోటు తక్కువ అన్నది అందరూ ఊహించేదే. ఊహించనిది మరొకటి ఉంది. కాలేజీలో గొప్ప ఆటగాళ్లుగా ఉండి, తర్వాత కదలకుండా కూర్చున్నవారికి ఆ పాత ఆటల వల్ల రక్షణ ఏమీ మిగలలేదు. కాలేజీలో బంతి ముట్టని వారైనా, తర్వాతి రోజుల్లో వ్యాయామం పట్టినవారికి మాత్రం రక్షణ దొరికింది.

పెన్షనర్లమైన మనకు ఇంతకన్నా తేలికగా ఎట్లా చెప్పాలి? వ్యాయామం జి.పి.ఎఫ్. కాదు, వయసులో దాచి ముసలితనంలో తీసుకోవడానికి. శరీరం సర్వీసు పుస్తకం చూడదు. "నేను చిన్నప్పుడు ఊరి బావిలో ఈదేవాణ్ణి, కబడ్డీలో మొనగాణ్ణి" అంటే గత సర్వీసు కింద లెక్క కట్టదు. అదే న్యాయంతో, యాభై ఏళ్లు ఏమీ చేయనివాడిని "నీకు అర్హత గల సర్వీసు లేదు" అని తిప్పి పంపదు. ఈ రోజు ఏం చేశావన్నదే అడుగుతుంది.

రెండో వైపు కూడా చెప్పాలి. అమెరికాలోనే జిమ్ ఫిక్స్ అనే రచయిత 1967లో 35వ ఏట పరుగు మొదలుపెట్టాడు. అప్పుడు ఆయన బరువు సుమారు 97 కిలోలు, రోజుకు రెండు పెట్టెల సిగరెట్లు. రెండూ వదిలించుకొన్నాడు. 1977లో పరుగు మీద ఆయన రాసిన పుస్తకం లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. 1984 జూలై 20న, 52వ ఏట, పరుగెత్తుతూనే గుండె ఆగి పోయాడు. గుండె రక్తనాళాలు పూడుకుపోయి ఉన్నాయని పరీక్షలో తేలింది. ఆయన తండ్రి 43వ ఏటనే గుండెజబ్బుతో పోయాడు. "చూశారా, పరుగు పనికిరాదు" అన్నవారు ఆనాడూ ఉన్నారు, ఈనాడూ ఉన్నారు. నాకు తోచేది వేరు. పరుగు మంచిదే గాని, పాత పూడికను కడిగేసే మంత్రం కాదు. ఇంట్లో గుండెజబ్బు ఉన్నవారు, బి.పి., షుగర్ ఉన్నవారు ముందు డాక్టరుకు చూపించుకొని తర్వాతే బూట్లు కట్టాలి.

ఇక మన వైపు చూద్దాం. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం పదవీ విరమణ వయసు 58 నుంచి 55కు తగ్గించినప్పుడు ఎంత గొడవ అయిందో మీకు గుర్తే. యాభై ఐదుకే మనిషి పని అయిపోయినట్టా అని వాదించుకొన్నాం. తర్వాత 58 మళ్లీ వచ్చింది. తెలంగాణలో 2021లో 61 అయింది. ఆ యాభై ఐదో ఏటనే వినోబా భావే 1951లో వార్ధా వైపు నుంచి కాలినడకన బయలుదేరి హైదరాబాదు పక్కన శివరాంపల్లి చేరి, అక్కడి నుంచి మన నల్లగొండ జిల్లాలో అడుగుపెట్టారు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో భూదానం పుట్టింది. ఆ తర్వాత పదమూడేళ్లు ఆ బక్కపలచని మనిషి దేశమంతా నడుస్తూనే ఉన్నారు. ఆయన ఆరోగ్యం కోసం నడవలేదు, నిజమే. కాని యాభై ఐదు అంటే ముగింపు కాదని మన నేల మీదనే చూపించారు.

నా సంగతి రెండు మాటల్లో చెబుతాను. 1997లో నాకు 47 ఏళ్లు, ఆత్మకూరులో పనిచేస్తున్నాను. ఆ ఏడు నా పక్క సీటు మిత్రుడు ఆఫీసు నుంచి ఇంటికి పోయి, రాత్రికి గుండెపోటుతో కన్నుమూశాడు. నా కన్నా రెండేళ్లు చిన్న. అతని కుటుంబ పెన్షన్ కాగితాలు నా చేతితోనే నింపాను. వయసు గడిలో అంకె వేస్తుంటే కలం ముందుకు సాగలేదు.

మరుసటి వారం నుంచి తెల్లవారుజామున చెరువు కట్ట మీదికి పోవడం మొదలుపెట్టాను. కాన్వాసు బూట్లు, పాత ప్యాంటు. పక్కనున్న కరెంటు స్తంభాలే నా కొలత. ఒక స్తంభం దాకా పరుగు, రెండు స్తంభాల దాకా నడక. గొర్రెలు తోలుకొచ్చే ఆయన "ఏంది సారూ, బస్సు పోతున్నదా?" అన్నాడు. ఇంకొకాయన "గీ వయసుల గీ ఉరుకుడేంది సారూ, ఎవరన్న తరుముతున్నరా?" అన్నాడు. ఇంట్లో ఆమె "నలుగురు చూస్తే ఏమనుకొంటారు, చీకటుండగనే పోయి రండి" అన్నది. నాలుగు నెలలకు కట్ట ఈ కొస నుంచి ఆ కొసకు ఆగకుండా పోగలిగాను. అది పరుగా, నడకా అని చూసేవారికి అనుమానం వచ్చేంత నెమ్మది. కార్తీకంలో కురుమూర్తి జాతరకు పోయినప్పుడు మెట్లన్నీ ఎక్కడా కూర్చోకుండా ఎక్కాను. నాకు దక్కిన పతకం అదొక్కటే.

ఆ రోజుల్లో కట్ట మీద నేనొక్కణ్ణే వింత. ఇప్పుడు కాలం మారింది. 2007లో 'హైదరాబాద్ రన్నర్స్' అనే సంఘం ఏర్పడింది. ఇప్పుడు హైదరాబాదులో ప్రతి ఏటా జరిగే మారథాన్‌లో నెక్లెస్ రోడ్డు నుంచి పరుగెత్తేవారిలో, కంప్యూటర్ల ముందు కూర్చుని నడుం పట్టేసిన నలభై ఏళ్లవారు ఎందరో ఉన్నారు. వారు మన పిల్లలే. మనం ఫైళ్ల ముందు కూర్చున్నాం, వారు తెరల ముందు కూర్చున్నారు. కుర్చీ మాత్రం వారసత్వంగా వచ్చింది.

పంజాబుకు చెందిన ఫౌజా సింగ్ సంగతి పేపర్లలో చదివే ఉంటారు. ఎనభై దాటాక పరుగు మీద మనసు పెట్టి, 2000లో లండన్ మారథాన్ పూర్తిచేశారు. పాస్‌పోర్టు ప్రకారం 1911లో పుట్టారు. జనన ధ్రువపత్రం లేదని గిన్నిస్ వారు రికార్డు ఇవ్వలేదు. బడిలో పంతులు వేసిన పుట్టినతేదీతో సర్వీసు మొత్తం లాగించిన మనకు ఆయన బాధ బాగా అర్థమవుతుంది. 2025 జూలైలో సొంత ఊరి దగ్గర రోడ్డు దాటుతుండగా వాహనం తగిలి పోయారు. ఆ కాళ్లను వయసు ఆపలేదు, మోటారు ఆపింది.

డెబ్బై దాటిన మనల్ని రేపే పరుగెత్తమని నేను చెప్పడం లేదు. నేనూ మోకాళ్ల మాట విని ఇప్పుడు నడకతో సరిపెట్టుకొంటున్నాను. వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒళ్లు కొంచెం వేడెక్కేటట్టు కదిలితే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మన వయసువారు తూలిపడకుండా కాళ్ల బలం, నిలకడ పెంచే కసరత్తు కూడా చేయాలన్నది. అంటే తక్కువలో తక్కువ లెక్కన రోజుకు అరగంట లోపే. ఎస్.టి.ఓ. ఆఫీసు మెట్ల మీద మనం అంతకన్నా ఎక్కువసేపే నిలబడ్డాం.

ఈ సంచిక మీ ఇంట్లో కొడుకులు, కూతుళ్లు, అల్లుళ్లు, కోడళ్లు కూడా చూస్తారు. నలభై దాటినవారెవరైనా ఉంటే ఈ పేజీ వారి ముందు పెట్టండి. ఒక స్తంభం పరుగు, రెండు స్తంభాల నడక. మాట్లాడలేనంత ఆయాసం వస్తే వేగం తగ్గించాలి, ఛాతీలో నొప్పి వస్తే ఆగి డాక్టరు దగ్గరికి పోవాలి. ఎవరు నవ్వినా ఆగకూడదు. ట్రెజరీ వారు మనల్ని ఏడాదికొకసారి లైఫ్ సర్టిఫికెట్ అడుగుతారు. శరీరం రోజూ అడుగుతుంది. సభ్యులందరూ ఆ సర్టిఫికెట్ చాలాకాలం ఇస్తూ ఉండాలని కోరుకొంటూ సెలవు తీసుకొంటున్నాను.