గోలకొండ గొంతు

పేజీలన్నీ సిద్ధం. సంపాదకీయం చోటు మాత్రం ఖాళీగా ఉంది. కంపోజిటర్ చేతులు కట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

సర్కారుకు ముందుగా చూపించి అనుమతి తీసుకోనిదే సంపాదకీయం అచ్చు వేయకూడదని నిజాం ప్రభుత్వం హుకుం జారీ చేసింది. సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి తన రాతను ఏ అధికారి ముందూ పెట్టదలచుకోలేదు. లోకం మెచ్చిన పెద్దల సూక్తులు ఏరి, ఆ చోట పేర్చి, పత్రిక బయటికి పంపారు. చదివేవాళ్లకు అర్థం కావలసింది అర్థమైంది. పట్టుకుందామంటే సర్కారుకు సంపాదకుడి వాక్యం ఒక్కటీ దొరకలేదు!

ఉర్దూ రాజభాషగా ఉన్న హైదరాబాదులో 1926 మే 10న మొదలైంది ‘గోలకొండ పత్రిక’. నగర కొత్వాలు (పోలీసు అధిపతి) రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి అండగా నిలిచారు. వారానికి రెండుసార్లు వచ్చే ఆ పత్రికకు వార్తలు రాయడం, ప్రూఫులు దిద్దడం, చివరికి చందాదారుల చిరునామాలు రాయడం కూడా ప్రతాపరెడ్డి పనే. లా చదివిన మనిషి సిరా మరకల మధ్య రాత్రుళ్లు గడిపారు.

1930లో జోగిపేటలో జరిగిన తొలి ఆంధ్ర మహాసభకు ఆయనే అధ్యక్షుడు. ఆ రోజుల్లోనే తెలంగాణలో కవులే లేరని ఎవరో అన్నారు. ఆ మాట ఆయనకు ములుకులా గుచ్చుకుంది. ఆయన వాదనకు దిగలేదు. కవితలు పంపమని పిలుపునిచ్చారు. 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువడింది. అందులో 354 మంది కవులు! నింద వేసినవాళ్ల నోళ్లు మూతపడ్డాయి.

1949లో ఆయన రాసిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ వచ్చింది. రాజుల యుద్ధాలను పక్కనబెట్టి, మామూలు జనం ఏం తిన్నారో, ఏం కట్టుకున్నారో, ఏ ఆటలాడారో పాత కావ్యాల్లోంచి వెదికి తీశారు.

1952. తొలి సాధారణ ఎన్నికలు. ఆ మామూలు జనమే ఓటు వేసి, వనపర్తి నుంచి ఆయన్ని హైదరాబాదు శాసనసభకు పంపారు. ఆ సభలో ఆయనకు దక్కింది దాదాపు ఏడాదిన్నరే. 1953 ఆగస్టు 25న కన్నుమూశారు. 1955లో తెలుగుకు వచ్చిన తొలి కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం ఆయన సాంఘిక చరిత్రకే దక్కింది.

ఆ ఏడాదిన్నరతో ఆయన ప్రాతినిధ్యాన్ని లెక్కగట్టడం అన్యాయం. సామాన్యుడికి ఓటే లేని రోజుల్లో తెలుగువాళ్ల తరఫున వారానికి రెండుసార్లు మాట్లాడినవాడు ఆయన. జనం ఆయన్ని తమ మనిషిగా ఎన్నుకున్నది అప్పుడే. వనపర్తి ఓటర్లు దానికి ముద్ర వేశారు.