మౌత్ కా కువా

చరిత్ర అంటే మాకు నవాబుల్నే చూపించారు. మమ్మల్ని పొగిడేవాళ్లూ తిట్టేవాళ్లూ ఆ కోటల దగ్గరే ఆగిపోతారు. ఉర్సుల్లో, జాతరల్లో చెక్కల గోడ మీద మోటార్ సైకిల్ నడిపి పొట్టపోసుకునే మనిషి ఎవరి చరిత్రలోనూ లేడు. అతని చరిత్ర మేమే రాసుకోవాలి.

ఈ ఆట పుట్టింది అమెరికాలో. అక్కడ చెక్క పలకల ట్రాకుల మీద మోటార్ సైకిల్ పందేలు జరిగేవి. 1911లో న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో అలాంటి చిన్న ట్రాకు వినోదంగా వెలిసింది. 1912లో న్యూఆర్క్ ట్రాకు మీద ఎడ్డీ హాషా బండి అదుపు తప్పింది. అతనూ, మరో రైడరూ, చూడవచ్చిన జనంలో కొందరూ చనిపోయారు. అయినా ఆట ఆగలేదు. సంతల్లోని ట్రాకు గోడలు నిటారై, 1915 నాటికి బావిలా మారాయి. 1929లో ఆ బావి ఇంగ్లండ్ చేరింది.

అక్కడ ఈ గోడలకు పేరుపడ్డ బండి ఏదో తెలుసా? స్ప్రింగ్‌ఫీల్డ్‌లో తయారైన 'ఇండియన్' స్కౌట్. నువ్వు ఇండియన్‌వేనా, రుజువేదీ అని ఆ బండినెవరూ అడగలేదు. ఆ ప్రశ్న మాకే మిగిలింది.

మన దగ్గరికొచ్చి ఆట ఉర్దూ పేరు పెట్టుకుంది. ఇక్కడి మేళాల్లోనూ పాకిస్తాన్ ఉర్సుల్లోనూ అదే పేరు. కేరళలో 'మరణక్కిణర్' అయింది. హైదరాబాద్‌లో 1938లో మొదలైన నుమాయిష్‌కు వెళ్లేవాళ్లకు దాని గురించి చెప్పనక్కర్లేదు. మన దగ్గర మారుతి 800 కార్లు కూడా ఆ గోడెక్కాయి.

కింద ఏటవాలు పలకల మీద వేగం అందుకుని రైడర్ నిటారు గోడకెక్కుతాడు. వేగం ఉన్నంతసేపే చక్రం గోడను అదుముకుంటుంది. ఆ రాపిడే బండిని పట్టి ఉంచుతుంది. వేగం తగ్గితే కిందికే. పైన అంచున నిలబడ్డవాళ్లు నోటు చాపితే, హ్యాండిల్ వదిలి అందుకుంటాడు. చాలామందికి హెల్మెట్ కూడా ఉండదు.

ఈ రైడర్లలో హిందువులున్నారు, ముస్లింలున్నారు. నోటు చాపే చెయ్యి మతం అడగదు. ఇదే సెక్యులరిజం అని మురిసిపోదామా? ఆ చెయ్యి అతని పేరూ అడగదు. పడితే ఆస్పత్రి ఖర్చెవరిదనీ అడగదు. అదే మనిషి కిందికి దిగి అద్దె ఇల్లు వెతుక్కుంటే మాత్రం మొదట పేరే అడుగుతారు. పేరు వినగానే ఖాళీ లేదంటారు.

గోడ మీదున్నప్పుడు కొట్టే చప్పట్లు మాకు చాలవు. కిందికి దిగాక, మా పేరుతోనే, మీ పక్కింట్లో బతకనివ్వాలి.