కైకలూరుకు చెల్లని వీసా

వీసా లేకుండా పరాయి దేశస్తుల్ని రానిస్తే దేశ భద్రత ఏం కావాలని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఎవరు పరాయి అన్నది ఎప్పుడు తేల్చారో కూడా అడగాలంటాం మేము.

నేపాలీలు 1950 ఒప్పందం మీద వీసా లేకుండానే వస్తారు. మా వీధుల్లో రాత్రిళ్లు విజిల్ ఊదే గూర్ఖాని ఎవరూ కాగితం అడగలేదు. అడగాలనీ మేము కోరం.

మా చుట్టాల కథ వేరు. 1947లో కరాచీ పోయినవాళ్లు కొన్నాళ్లు మామూలుగానే రావచ్చు, పోవచ్చు. 1948 జులైలో పశ్చిమ పాకిస్తాన్ నుంచి వచ్చేవాళ్లకు పర్మిట్ పెట్టారు. 1952 అక్టోబరులో పాస్‌పోర్టు, వీసా వచ్చాయి. అయినా బ్రిటిషిండియాలో పుట్టినవాడు విదేశీయుల చట్టం కింద విదేశీయుడు కాడు. 1957 జనవరిలో ఆ నిర్వచనమే మార్చారు. ఏలూరు తివాచీ మగ్గాల పక్కన పుట్టి కరాచీ చేరిన మామూ అలా ఫారినర్ అయ్యాడు.

పాకిస్తాన్ పాస్‌పోర్టు మీద వచ్చి గడువు దాటి ఉండిపోయిన ఒకాయన మీద మన రాష్ట్ర ప్రభుత్వమే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అతను భారత పౌరసత్వం పోగొట్టుకున్నాడా లేదా అన్నది తేల్చాల్సింది కేంద్రమేగాని పోలీసులూ మేజిస్ట్రేటూ కాదని 1961లో తీర్పు. మా వాళ్లలో ఈ తీర్పు తెలిసినవాళ్లు తక్కువ. పోలీసుల్లోనూ అంతేనేమో!

పాకిస్తానీ వీసా దేశానికి కాదు, ఊళ్లకు. రాసిన ఊరు దాటకూడదు. వచ్చిన 24 గంటల్లో పోలీసులకు చెప్పుకోవాలి. తాడేపల్లిగూడెం వచ్చిన ఖాలా జిల్లా కేంద్రం ఏలూరులో హాజరు వేయించుకోవాలి. కొల్లేరు అవతల కైకలూరులో సొంత చెల్లెలు ఉన్నా, ఆ ఊరు వీసాలో లేకపోతే పోరాదు. పైగా అది కృష్ణా జిల్లా. 2022లో కైకలూరు ఏలూరు జిల్లాలో కలిసింది, గూడెం భీమవరం కిందికి పోయింది. గీతలు ఎంత సులువుగా జరుగుతాయో!

దావూద్ గిలానీ 2006లో డేవిడ్ హెడ్లీగా పేరు మార్చుకున్నాడు. అమెరికా పాస్‌పోర్టు, బిజినెస్ వీసా. మళ్లీ మళ్లీ వచ్చి ముంబైని కొలుచుకుని పోయాడు. 2008లో 166 మంది చచ్చిపోయారు. అతను మా ఖాలా నిలబడిన వరసలో నిలబడలేదు.

65 ఏళ్లు దాటినవాళ్లకు అట్టారీ దగ్గరే వీసా ఇస్తామని 2012లో రెండు దేశాలూ ఒప్పుకున్నాయి. 2013 జనవరిలో మొదలుపెట్టాల్సిన రోజునే, సరిహద్దులో సైనికుల హత్య తర్వాత, ఆపేశారు. 2025 ఏప్రిల్‌లో పహల్‌గామ్ నెత్తురు పారాక పాకిస్తానీల వీసాలన్నీ 27 నుంచి రద్దన్నారు. హిందువుల దీర్ఘకాల వీసాలు మాత్రం చెల్లుతాయన్నారు. వైద్యానికి వచ్చినవాళ్లకు 29 దాకా గడువిచ్చారు.