పుండును పులుపును

మన యిండ్లలో నెవరికైనను గాయము తగిలినను, కురుపు లేచినను, వైద్యుడు కోసి కుట్లు వేసినను, పెద్దవారు మొట్టమొదట చెప్పుమాట యొకటి కలదు: "పులుపు ముట్టకు, చీము పట్టును." నాటినుండి నారింజ, నిమ్మ, బత్తాయి, ఉసిరిక అన్నియు నొక్కసారిగా వంటయింటి గడప దాటిపోవును. మందు మఱచు రోగులుందురు గాని పథ్యము మఱచు అత్తగారు లేదు. ఈ నిషేధ మెంతవఱకు యుక్తమో తెలియవలెనన్న, పుండు మానుటను గూర్చి మానవులు నేర్చుకొనిన చరిత్రమును కొంత తడవిచూడవలెను. అందులో మనకు వలయు ఘట్ట మొక యోడమీద జరిగినది.

1740వ సంవత్సరమున ఇంగ్లీషు నౌకాధిపతి జార్జి ఆన్సన్ స్పెయినుతోడి యుద్ధసందర్భమున ఆఱు యుద్ధనౌకలతోడను రెండు సామగ్రినౌకలతోడను బయలుదేఱెను. దక్షిణ అమెరికా కొనను చుట్టి పసిఫిక్ మహాసముద్రము ప్రవేశించునప్పటికి నావికులలో స్కర్వీ యను వ్యాధి ప్రబలెను. నెలల తరబడి ఉప్పుమాంసమును ఎండురొట్టెయు తప్ప పచ్చి యాకుగాని కాయగాని యెఱుగనివారికి వచ్చు వ్యాధి యిది. చిగుళ్లు వాచి నెత్తురు కాఱును, పండ్లు కదలును, చర్మముక్రింద నల్లని మచ్చలు లేచును. 1744లో ఆన్సన్ స్వదేశము చేరునప్పటికి ఆయనతో తిరిగివచ్చిన యోడ సెంచూరియన్ ఒక్కటియే. పోయినవారిలో వేయిమందికి పైగా మరణించిరి. శత్రువుల ఫిరంగులకు బలియైనవారు మాత్రము బహు స్వల్పము.

ఈ యాత్రావృత్తాంతము 1748లో ప్రకటింపబడెను. అందొక ముదుసలి సైనికుని సంగతి కలదు. అతడు 1690లో ఐర్లండునందలి బాయిన్ నదికడ జరిగిన యుద్ధమున గాయపడినవాడు. ఆ గాయములు మాని యేబదియేండ్లు గడచినవి. స్కర్వీ సోకగానే ఆ పాతమచ్చలు విచ్చుకొని, నిన్న తగిలిన దెబ్బలవలె పచ్చిపుండ్లయ్యెను. ఎన్నడో విఱిగి యతికిన యెముకయు అతుకు వదలిపోయెను!

ఈ కథ తరగతిలో చెప్పినప్పుడెల్ల బాలురు మమ్మడుగు ప్రశ్న యొక్కటే: మానిన గాయము మరల నెట్లు విచ్చుకొనును? పెద్దవారికిని రావలసిన ప్రశ్నయే యిది. గాయము మానుట యనగా పగిలిన కుండకు లక్క పూసినట్లు ఒకసారి జరిగి ముగిసిపోవు పని యని మనము తలంతుము. అది సరికాదు. దెబ్బ తగిలినవెంటనే నెత్తురు గడ్డకట్టి రంధ్రమును మూయును. పిమ్మట తెల్లకణములు వచ్చి సూక్ష్మజీవులను, చచ్చిన భాగములను తినివేయును. కొన్నిదినములకు పుండు అడుగున ఎఱ్ఱని క్రొత్తకండ పట్టును. అందు సన్నని రక్తనాళములు మొలచును. అంచులనుండి చర్మకణములు ప్రాకివచ్చి పైని కప్పును. ఈ క్రొత్తకండకు బలమిచ్చునది కొల్లాజెన్ అను నారపదార్థము. మూడు పోగులు పురిపెట్టిన త్రాడువంటిది. పురి గట్టిగా నిలుచుటకు ఆ పోగులలో జరుగవలసిన యొక రసాయనిక మార్పునకు సి విటమిను ఆవశ్యకము. అది లేనిచో త్రాడు పేనబడినట్లే యుండి పిసికినంతనే విడిపోవును.

ఇంక ముఖ్యాంశము. మచ్చపడినచోట ఈ నార నిరంతరము కరగుచుండును, నిరంతరము క్రొత్తది చేరుచుండును. మానిన గాయమును శరీరము జీవితాంతము మరల మరల మాన్పుచునే యుండునన్నమాట. క్రొత్తనార పుట్టుట ఆగెనా, కరగుట మాత్రము ఆగదు. బాయిన్ యుద్ధపు ముదుసలికి పట్టిన గతి యిదియే.

ఓడలోని వైద్యుల కీ సంగతు లేవియు తెలియవు. కాని 1747లో సాలిస్‌బరీ యను నౌకపై జేమ్స్ లిండ్ అను వైద్యుడు పండ్రెండుగురు రోగులను జతలుజతలుగా విభజించి, జతకొక మందు చొప్పున ఇచ్చిచూచెను. సముద్రజలము, పులియబెట్టిన యాపిలురసము, ద్రావకము మున్నగునవి కొందఱికి. ఒక జతకు మాత్రము దినమునకు రెండు నారింజలును ఒక నిమ్మపండును. ఆఱుదినములలో పండ్లు నిండుకొనెను. అప్పటికే ఆ యిద్దఱిలో నొకడు పనికి లేవగలిగెను. లిండ్ తన గ్రంథమును 1753లో ప్రకటించెను. ఇంగ్లీషు ప్రభుత్వము నావికులందఱికి నిమ్మరస మిప్పించుటకు ఆజ్ఞాపించినది 1795లో. నలువదిరెండేండ్లు! మన పెద్దలు మాత్రమే మొండివారని యనుకొనువారు ఈ లెక్క చూడవలెను.

నిమ్మలోని సారము నేదో హంగరీ శాస్త్రజ్ఞుడు సెంట్ గ్యోర్గి మొదలగువారి కృషివలన 1932నాటికి తేలెను. అయినను పుండునకును దానికిని గల సంబంధమును తన యొంటిమీదనే పరీక్షించిన ఘనుడు బోస్టను నగరపు యువ శస్త్రవైద్యుడు జాన్ క్రాండన్. ఆయన 1939లో పండ్లు, కూరలు విడిచిపెట్టి, తక్కిన విటమినులు మాత్రము తీసికొనుచు సుమారు ఆఱునెలలు గడపెను. మూడునెలలకు వీపున గాటు పెట్టించుకొనగా అది చక్కగా మానెను. ఆఱవనెలలో మరల నొక గాటు పెట్టించుకొనెను. పదిదినములైనను పైతోలు తప్ప లోపల అతుకులేదు. అంతట సి విటమినును రక్తనాళములోని కెక్కింపగా అదే గాయము మానెను. ఈ ఫలితములు 1940లో ప్రకటింపబడెను.

మఱి మన నిషేధ మెక్కడినుండి వచ్చినది? సుశ్రుతసంహిత సూత్రస్థానమున పందొమ్మిదవ యధ్యాయము వ్రణము గలవాని పరిచర్యను గూర్చినది. అతని యిల్లు శుభ్రముగా నుండవలెననియు, ఆవాలు వేపాకులతో ధూపము వేయవలెననియు అందు కలదు. విడువవలసిన పదార్థములలో ఆమ్లమును కలదు. పులుపు మానుమను మన పెద్దల మాటకు శాస్త్రాధారము లేదని యనుట తగదు. కాని యదే యధ్యాయమున తినదగినవాని పట్టికయు నున్నది: పాత బియ్యపన్నము, జాంగలమాంసము, ఆకుకూరలు, వంకాయ, పొట్ల, కాకర, వానితో దానిమ్మయు ఉసిరికయు. నేతిలో వేయించి సైంధవలవణము చేర్చవలెనట! మనవారు నిషేధపు పట్టికను కంఠస్థము చేసి, విధి పట్టికను అటకమీద పెట్టిరి. గ్రంథకర్త పులుపులలో భేదము నెంచెను, మన మెంచలేదు.

భేద మున్నమాట నిజమే. చింతపండు పులుపు వేఱు, ఉసిరిక పులుపు వేఱు. చింతపండులో సి విటమిను అత్యల్పము. ఉసిరికలో నారింజకంటె నెన్నోరెట్లు అధికము. పులుపే లేని జామపండులోను అది విస్తారముగా నున్నది. చీము పట్టుటకు కారణము నాలుకకు తగిలిన రుచి కాదు, పుండులో చేరిన సూక్ష్మజీవులు. ఈ సంగతి 1867లో జోసెఫ్ లిస్టరు కార్బాలికామ్లముతో గాయములను కట్టి, చీము పట్టకయే మానునట్లు చేసి చూపెను.

ఉసిరికాయ తిన్నంతనే పుండు మానునని మేము చెప్పుటలేదు. మధుమేహము గలవారికి మానకపోవుటకు కారణములు వేఱు; ఆ విచారణ వైద్యునిది. చక్కగా భుజించువానికి అదనముగా మాత్రలు మ్రింగించుటవలన గాయము త్వరపడదు. మా యాందోళన అంతయు శస్త్రచికిత్సచే ప్రసవించిన బాలింతను గూర్చియే. కడుపున కుట్లు, చేత చంటిబిడ్డ. ఆమె విస్తరిలో కారపుపొడియు అన్నమును తప్ప మఱేమియు నుండదు. బిడ్డకిచ్చు పాలలోని సి విటమినుకూడ ఆమె శరీరమునుండియే పోవలెను. ఆమెకు దినమున కొక జామపండో, రెండు నారింజలో, ఒక ఉసిరికాయయో ఇచ్చుటకు సంకోచించు అత్తగారు, సుశ్రుతుని పందొమ్మిదవ యధ్యాయమును ఎఱిగిన వారెవ్వరిచేతనైనను ఒకమాఱు పూర్తిగా చదివించుకొని వినవలెనని కోరుచున్నాము.